లెక్క చెప్పే నాయకుడు – లెక్క అడిగే సభ్యుడు



మన ఖమ్మం, భద్రాచలం అడవి అంచు గ్రామాలలో ఈనాడు సంఘం లేని వాడ అంటూ లేదు. మహిళా పొదుపు సంఘం, అటవీ హక్కుల కమిటీ, బడి కమిటీ, యువజన సంఘం ఉన్నాయి. మన విచారణల విషయానికి వస్తే పాలక మండలి, గాయక బృందం, విన్సెంట్ డి పాల్ సభ ఉన్నాయి. ఒక్కొక్క ఇంట్లో మూడు నాలుగు సంఘాలలో పేర్లు వ్రాయించుకున్న వారున్నారు. సంఘాలు పెట్టడం మనకు బాగానే వచ్చింది. వాటిని నిలబెట్టుకోవడం మాత్రం ఇంకా నేర్చుకోవలసి ఉన్నది.

పాడైపోయిన సంఘం దగ్గరకు వెళ్ళి, ఎందుకిలా అయింది అని అడిగి చూడండి. సభ్యులు "అంతా లీడరమ్మ చేసింది" అంటారు. లీడరమ్మ "ఒక్కరూ మీటింగుకు రారు, నేనొక్కదాన్నే చావాలా" అంటుంది. ఇద్దరి మాటలోనూ నిజమున్నది. అయితే ఇద్దరూ చెప్పేది సగం నిజమే. ఈ వారం పాఠంలో మిగతా సగాన్ని వెదుకుదాం. నాయకుని బాధ్యతలు పది చెప్పవచ్చు, సభ్యుని బాధ్యతలు పది చెప్పవచ్చు. కాని అవన్నీ ఒక్క మేకుకు వ్రేలాడుతున్నాయి. నాయకుడు అడగకముందే లెక్క చెప్పాలి. సభ్యుడు మొహమాటం లేకుండా లెక్క అడగాలి. లెక్క అంటే డబ్బు లెక్క మాత్రమే కాదు. ఏం చేశాం, ఎందుకు చేశాం, ఎవరికి మేలు జరిగింది, ఎవరిని మరచిపోయాం అన్నది కూడా లెక్కే.

1. గుంపు వేరు, జట్టు వేరు

వారపు సంతలో వందల మంది చేరుతారు. ఒకరు ఉప్పు కొనడానికి, ఇంకొకరు ఇప్పపువ్వు అమ్మడానికి వస్తారు. ఎవరి పని వారిది. ఒకరు రాకపోయినా సంత ఆగదు. అది గుంపు. జట్టు అట్లా కాదు. జట్టులో ఒకరు చేసిన పని ఫలితం మరొకరి మీద పడుతుంది.

తునికాకు సేకరణ మనకు తెలిసినదే. కట్టకు 50 ఆకులు ఉండాలి. ఎండలో తిరిగి కోసుకొచ్చిన ఆకును చెట్టు నీడన కూర్చొని లెక్కపెట్టి కడతారు. ఒక ఇంటివారు కట్టకు నలభై ఐదు పెట్టి కల్లానికి తెచ్చారనుకోండి. పట్టుబడిన రోజున కల్లేదారు ఆ ఒక్క ఇంటి కట్టలే విప్పి చూడడు, ఊరందరి కట్టలూ విప్పుతాడు. నిజాయితీగా కట్టిన ముసలమ్మ కూడా ఎండలో నిలబడవలసి వస్తుంది. అదేవిధంగా ఉపాధి హామీ పనులలో 2010 నుండి మన ప్రాంతంలో శ్రమశక్తి సంఘాలు ఏర్పడినప్పుడు, చేసిన పనిని కొలిచి, కొలతను బట్టి కూలి ఇచ్చే పద్ధతి ఉండేది. కలిసి తవ్వే గుంపులో ఇద్దరు చెట్టు కింద పడుకుంటే కొలత తగ్గేది. అందరి కూలీ తగ్గేది.

పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 12వ అధ్యాయంలో శరీరాన్ని, అవయవాలను గూర్చి చెప్పినది ఈ సంగతినే. కన్ను చేతిని అక్కరలేదనలేదు. బలహీనంగా కనబడే అవయవాలే మరింత అవసరమైనవని కూడా ఆయన చెబుతారు. మన సంఘాలలో ఏమీ మాట్లాడని, చివరి వరుసలో కూర్చునే సభ్యురాలిని చూసినప్పుడు ఈ మాట గుర్తుకు రావాలి.

2. బొగ్గుబావి నేర్పే పాఠం

నాయకుడు, సభ్యుడు ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టుకొని పనిచేసే చోటు మన పక్కనే ఉన్నది. ఇల్లెందు ప్రాంతంలో 1871లో బొగ్గు కనుగొన్నారు. 1889లో తవ్వకం మొదలైంది. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు విచారణలలో తాతల కాలం నుండి సింగరేణి కుటుంబాలు ఉన్నాయి. భూగర్భ గనిలో ఒక్కొక్క పని భాగానికి ఒక సర్దారు ఉంటాడు. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం (మొదట 1957 నాటివి, వాటి స్థానంలో 2017లో వచ్చినవి) పనివారు దిగకముందే సర్దారు తన పరిధిలోని స్థలాలను తనిఖీ చేయాలి. పైకప్పు గట్టిగా ఉన్నదా, గ్యాసు ఉన్నదా, గాలి ఆడుతున్నదా చూడాలి. చూసినదాన్ని పుస్తకంలో వ్రాసి సంతకం పెట్టాలి. ప్రమాదం కనబడితే మనుషులను వెనక్కి పంపి, ఆ చోటికి ఎవరూ పోకుండా కంచె వేయించాలి.

ఇదంతా సర్దారు బాధ్యత. మరి పనివాని బాధ్యత? కంచె దాటకూడదు. చెప్పిన జాగ్రత్త పాటించాలి. అంతటితో తీరదు. కప్పులో చీలిక కనబడినా, దుంగ కదిలినా వెంటనే చెప్పాలి. "సర్దారు పొద్దున చూసి పోయాడు గదా, నాకెందుకులే" అని ఊరుకోరాదు. పొద్దున చూసిన కప్పు మధ్యాహ్నానికి మారవచ్చు. అక్కడ చెప్పడం సర్దారును తప్పుపట్టడం కాదు. సర్దారును కూడా బ్రతికించడం. ఎందుకంటే ఆ కప్పు కిందనే ఆయనా నిలబడి ఉన్నాడు.

మన సంఘాలకు కూడా ఇంతటి పాఠమే కావాలి. నాయకుడు ముందుగా వెళ్ళి చూడాలి, చూసినది వ్రాసి పెట్టాలి. సభ్యుడు చూసినది దాచకుండా చెప్పాలి. సంఘం కూలితే ఇద్దరి మీదా కూలుతుంది.

3. నాయకుని బాధ్యతలు

(అ) వినడం: అపోస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఒక ఫిర్యాదు ఉన్నది. అనుదిన పంపకంలో గ్రీకు భాష మాట్లాడే వితంతువులను పట్టించుకోవడం లేదని గొణుగుడు మొదలైంది. అపోస్తలులు "మాకు ఎదురు చెబుతారా" అని గద్దించలేదు. విశ్వాసులందరినీ సమావేశపరచి, మీలో నుండి ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. ఎన్నికైన ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే! అంటే, ఏ వైపు నుండి ఏడుపు వచ్చిందో ఆ వైపు వారి చేతికే పంపకం వచ్చింది.

మన ప్రాంతంలో ఈ మాటకు ఎంతో బలం ఉన్నది. కోయ భాష ఇంటి భాషగా గల అక్కచెల్లెళ్ళు సంఘంలో సగం మంది ఉంటారు. మీటింగు మాత్రం గబగబా తెలుగులో జరిగిపోతుంది. వారు తలూపుతారు, సంతకమో వేలిముద్రో వేస్తారు, వెళ్ళిపోతారు. తలూపడం అంగీకారం కాదు. నాయకురాలు ఒక్క నిమిషం ఆగి, తెలిసిన వారిచేత కోయలో చెప్పించి, "నీకేమి అర్థమయింది, చెప్పక్కా" అని అడగాలి. సమయం కూడా అట్లే. తునికాకు రోజులలో తెల్లవారుజామునే అడవికి పోయిన వారు మధ్యాహ్నానికి గాని తిరిగిరారు. పదకొండు గంటలకు మీటింగు పెట్టి, రాలేదని జుర్మానా వేసే నాయకురాలు తన వీలు చూసుకున్నది గాని సంఘం వీలు చూడలేదు.

(ఆ) పని పంచడం: నిర్గమకాండం 18వ అధ్యాయంలో మోషే ఉదయం నుండి సాయంత్రం వరకు ఒక్కడే కూర్చొని ప్రజల తగవులు తీర్చుతుంటే మామ యిత్రో చూశాడు. ఇట్లా చేస్తే నీవూ అలసిపోతావు, ప్రజలూ అలసిపోతారు అని హెచ్చరించాడు. వేయిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దలను పెట్టి, కష్టమైన తగవు మాత్రమే నీ దగ్గరకు రానిమ్మన్నాడు. పదకొండవ భక్తినాథ పోపుగారు 1931లో వెలువరించిన సామాజిక విశ్వలేఖలో ఇదే సూత్రాన్ని సమాజమంతటికీ వర్తింపజేశారు. క్రిందివారు చేయగల పనిని పైవారు లాగేసుకొనరాదు.

అన్నీ తానే చేసే నాయకుడిని మనం కష్టజీవి అని మెచ్చుకుంటాం. కొంతవరకు నిజమే. కాని బ్యాంకు పుస్తకం ఆయన ఇంట్లో, తాళం ఆయన నడుముకు, ఫోను నంబర్లన్నీ ఆయన జేబులో ఉంటే, ఆయనకు జ్వరం వచ్చిన రోజున సంఘానికి కూడా జ్వరం వస్తుంది. పైగా ఒక్కరే మోసే బరువును ఇంకెవరూ తూచి చూడలేరు. పని పంచుకోనివాడు లెక్క పంచుకోవడం చాలా అరుదు.

(ఇ) లెక్క చెప్పడం: యెరూషలేములోని పేదల కోసం పౌలుగారు చందా పోగుచేశారు. దానిని పంపేటప్పుడు తీతుతోపాటు, సంఘాలు ఎన్నుకున్న మరొక సోదరుని కూడా పంపారు. ఈ పెద్ద మొత్తం విషయంలో ఎవరూ మా మీద నింద మోపకుండా ఉండాలని, దేవుని ముందే కాక మనుష్యుల ముందు కూడా సవ్యంగా ఉండాలని కారణం చెప్పారు (2 కొరింతీ 8). పౌలుగారి నిజాయితీని ఎవరు శంకిస్తారు? అయినా ఆయన "నా మనస్సాక్షికి తెలుసు, దేవునికి తెలుసు, చాలు" అనలేదు. మన నాయకులు తరచుగా చెప్పే మాట ఇదే. మనస్సాక్షి ఉండవలసిందే, దానితోపాటు రసీదు కూడా ఉండాలి.

(ఈ) దిగడం: మోషే బ్రతికి ఉండగానే యెహోషువను అందరి ఎదుట నిలబెట్టి బాధ్యత అప్పగించాడు. ఒకే మనిషి పదిహేనేళ్ళు నాయకుడుగా ఉంటే ఆయన మంచివాడు కావచ్చు. కాని ఆ పదిహేనేళ్ళలో మరొకరు తయారు కాలేదంటే నాయకుని పనిలో ఒక భాగం జరగలేదన్నమాట. అరిస్టాటిల్ అనే తత్వవేత్త తన రాజనీతి గ్రంథంలో, పాలించబడటం తెలియనివాడు బాగా పాలించలేడని వివరించాడు. దిగిన నాయకుడు మంచి సభ్యుడుగా కూర్చోగలిగితే అతడు నిజంగా నాయకుడుగా ఉన్నట్టే.

4. సభ్యుల బాధ్యతలు

నాయకుని బాధ్యతల మీద ప్రసంగాలు చాలా ఉంటాయి. సభ్యుల బాధ్యతల మీద తక్కువ. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుదాం.

(అ) రావడం: పదిమందిలో పాము చావదన్నారు పెద్దలు. ఒక్కొక్కరు పక్కవాడు కొడతాడులే అనుకుంటారు. మీటింగు కూడా అంతే. "నేను ఒక్కడిని పోకపోతే ఏమయింది" అని పదిమంది అనుకుంటే, మిగిలిన ఇద్దరు చేసిన తీర్మానమే ఊరందరి తీర్మానం అవుతుంది. ఈ ప్రమాదాన్ని చట్టం కూడా గుర్తించింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ 10 నుండి 15 మందితో కమిటీని ఎన్నుకుంటుంది. అందులో మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్త్రీలుండాలి. గ్రామసభకు సభ్యులలో కనీసం సగం మంది రావాలని, వచ్చినవారిలో మూడింట ఒక వంతు స్త్రీలుండాలని 2012లో సవరించిన నియమాలు చెబుతున్నాయి. ఎవరి పోడు ఎంత, సరిహద్దు ఎక్కడ, ఎవరి దరఖాస్తు సరైనది అనేవి ఆ సభలో తేలవలసిన సంగతులు. సగం మంది రాకపోతే సభే లేదు. రాని మనిషి తన హక్కునే కాదు, పక్క ఇంటివాని పట్టాను కూడా ఆపుతున్నాడు.

(ఆ) చదవకుండా సంతకం పెట్టకపోవడం: మహిళా సంఘాల సంగతి తీసుకుందాం. డ్వాక్రా పథకం 1982లో వచ్చింది. సంఘాలకు బ్యాంకుల నుండి అప్పు ఇప్పించే ఏర్పాటు 1992లో మొదలైంది. 2000లో మన రాష్ట్రంలో వెలుగు పథకం వచ్చాక గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలు పెరిగాయి. సంఘానికి పంచసూత్రాలని ఐదు ఉన్నాయి: క్రమంగా సమావేశం కావడం, క్రమంగా పొదుపు చేయడం, సంఘంలో అప్పులు ఇచ్చుకోవడం, గడువులో తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా వ్రాయడం. ఐదింటిలో ఏ ఒక్కటీ నాయకురాలు ఒక్కతే చేయగలిగింది కాదు.

ఒక సంఘంలో పన్నెండుమంది ఉన్నారనుకుందాం. బ్యాంకు ఆరు లక్షలు మంజూరు చేసింది. తలకు యాభై వేలు రావాలి. ముగ్గురు మాకిప్పుడు వద్దన్నారు. వారి వాటా లక్షా యాభై వేలు నాయకురాలు తానే వాడుకున్నది. తీర్మానం కాగితం మీద మాత్రం పన్నెండుమంది సంతకాలూ ఉన్నాయి. మొదట ఆరు నెలలు కిస్తీలు సరిగానే వచ్చాయి. తరువాత మిరప ధర పడిపోయింది, కిస్తీ ఆగింది. ఇప్పుడు బ్యాంకువారు ఎవరిని అడుగుతారు? పన్నెండుమందినీ అడుగుతారు. డబ్బు ముట్టని ముగ్గురినీ అడుగుతారు. కూతురు చదువుకోసం వచ్చే ఏడు అప్పు తీసుకుందామని ఎదురుచూసిన వితంతువుకు ఇక అప్పు పుట్టదు. ఆమె మళ్ళీ నూటికి ఐదు రూపాయల వడ్డీ అడిగేవాని గుమ్మం తొక్కుతుంది.

తప్పు ఎవరిది? నాయకురాలిది, సందేహం లేదు. కంచే చేను మేసింది. కాని ఆ చేను చుట్టూ పదకొండుమంది కూర్చొని ఉన్నారు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టినప్పుడు ఎవరూ "ఇది దేనికి వదినా?" అనలేదు. మీ సంతకం మీ మాట. మాట ఇచ్చేముందు ఏం మాట ఇస్తున్నామో తెలుసుకోవడం పాపం కాదు.

(ఇ) అడగడం: ఇక్కడే మన అసలు కష్టం ఉన్నది. అడగనిది అమ్మయినా పెట్టదని సామెత మనదే. కాని సంఘంలో అడగడానికి మనకు నోరు రాదు. నాయకురాలు సొంత ఆడబిడ్డ కావచ్చు, మేనత్త కావచ్చు. అడిగితే "నన్ను దొంగ అంటావా" అని ఏడుస్తుంది. రేపు పెండ్లికి పిలవదు. అందుచేత మీటింగులో ఊరుకుంటాం, బోరింగు దగ్గర గుసగుసలాడుతాం. గుసగుసలో లెక్క తేలదు, పరువు మాత్రం పోతుంది.

దీనికి విరుగుడు ధైర్యం కంటే అలవాటు. అనుమానం వచ్చిన రోజున మాత్రమే లెక్క అడిగితే అది నింద అవుతుంది. ప్రతి మీటింగులోనూ, ఎవరూ అడగకపోయినా, మొదటి పది నిమిషాలు లెక్క చదివి వినిపించే పద్ధతి పెట్టుకుంటే అది ప్రార్థన లాగా ఒక వాడుక అవుతుంది. పోయిన నెల మిగులు ఎంత, ఈ నెల వచ్చింది ఎంత, పోయింది ఎంత, చేతిలో ఎంత, బ్యాంకులో ఎంత. ఐదే మాటలు. చదువు రాని సభ్యురాలు కూడా గుర్తుపెట్టుకోగలదు. బ్యాంకు పుస్తకాన్ని చేయి మార్చి చేయి చూడనివ్వండి. అప్పుడు అడిగినవారికి శత్రుత్వం లేదు, చెప్పినవారికి అవమానం లేదు.

భద్రాచలం దగ్గర గోదావరి మట్టం చూడండి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. మట్టం చదివి చెప్పినవాడిని గోదావరి మీద నింద వేశావని ఎవరైనా అన్నారా? నీళ్ళు గడప దాకా రాకముందే పిల్లలను, పశువులను గట్టెక్కించడానికే ఆ అంకెలు. సంఘానికి కూడా మూడు హెచ్చరికలున్నాయి. రెండు నెలలు వరుసగా లెక్క చదవకపోతే అది మొదటి హెచ్చరిక. ఖాళీ కాగితం మీద సంతకాలు అడిగితే రెండవది. "పుస్తకం మా ఇంట్లో ఉంది, తరువాత చూద్దాం" అంటే మూడవది. మూడవదాని తరువాత కూడా ఊరుకున్న సభ్యుడు వరదను తప్పుపట్టలేడు.

(ఈ) తన వంతు తీర్చడం, నిర్ణయానికి కట్టుబడటం: లెక్క అడిగే హక్కు, తన కిస్తీ తాను కట్టినవారికి నిండుగా ఉంటుంది. మీటింగులో చెప్పవలసిన అభ్యంతరం మీటింగులోనే చెప్పాలి. పదిమంది చర్చించి ఒక నిర్ణయం చేశాక, అది తన ఇష్టానికి భిన్నమైనా, దానికోసం పనిచేయాలి. బయటకు వచ్చి చింతచెట్టు కింద రెండవ మీటింగు పెట్టేవాడు సంఘానికి సభ్యుడు కాదు, ప్రతిపక్షమూ కాదు. ప్రతిపక్షమైనా సభలో మాట్లాడుతుంది. అందరూ పల్లకీ ఎక్కేవారే అయితే మోసేవారెవరు? నాయకుడు మంచి పని చేసినప్పుడు నలుగురిలో మెచ్చుకోవడం కూడా సభ్యుని బాధ్యతే. మెచ్చుకోలు లేని చోట లెక్క అడగడం ముల్లులా గుచ్చుతుంది.

5. హక్కు లేని బాధ్యత అన్యాయం

సభ్యుల బాధ్యత అన్నప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 2010లో మన రాష్ట్రంలో ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థల వ్యవహారం పెద్ద విషాదం అయింది. ఒకరు కిస్తీ కట్టలేకపోతే గుంపు అంతా కట్టాలన్న నియమం ఉండేది. అప్పు ఎవరికి ఎంత ఇవ్వాలి, వడ్డీ ఎంత అన్నదానిలో ఆ స్త్రీలకు మాట లేదు. వసూలు సమయంలో మాత్రం ఒకరి మీద ఒకరిని ఉసిగొల్పారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. ఆ సంవత్సరం అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. బరువు మోయడానికి మాత్రం పదిమంది, నిర్ణయించడానికి ఒక్కరు అన్నచోట ఐకమత్యం అన్న మంచి మాట కూడా కొరడాగా మారుతుంది. కాబట్టి సభ్యులను బాధ్యత అడిగే నాయకుడు ముందుగా వారికి మాట ఇవ్వాలి. అందరికీ సంబంధించిన విషయానికి అందరి సమ్మతి కావాలన్నది రోమను న్యాయశాస్త్రం నుండి శ్రీసభ చట్టంలోకి వచ్చిన పాత సూత్రం.

6. పేతురుగారిని నిలదీసినప్పుడు

మన విచారణలలో ఇంకొక మాట వినబడుతుంటుంది: "పెద్దలను అడగడం అవిధేయత కదా?" అపోస్తలుల కార్యములు 11వ అధ్యాయం దీనికి జవాబు చెబుతుంది. పేతురుగారు అన్యజాతివాడైన కొర్నేలి ఇంటికి వెళ్ళి, వారితో భోజనం చేసి వచ్చారు. యెరూషలేములోని విశ్వాసులు ఆయన్ను నిలదీశారు. ఆయన తాళపుచెవులు పొందినవాడు, అపోస్తలులలో మొదటివాడు. "నన్నడగడానికి మీరెవరు" అనగలిగినవాడు. అనలేదు. మొదటి నుండి వరుసగా జరిగినదంతా వివరించి చెప్పారు. తనతో వచ్చిన ఆరుగురు సోదరులను సాక్షులుగా చూపించారు. అడిగినవారు కూడా చివరిదాకా విన్నారు. విన్నాక శాంతించి దేవుని స్తుతించారు.

ఇందులో రెండు బాధ్యతలూ ఉన్నాయి. నాయకుడు కోపగించకుండా, దాచకుండా, వరుసగా చెప్పారు. సభ్యులు వెనుక గొణగకుండా ముఖాముఖి అడిగారు. జవాబు సరైనదని తెలిశాక మొండిపట్టు పట్టలేదు. అడగడం ఎంత బాధ్యతో, సంతృప్తికరమైన జవాబు వచ్చాక ఊరుకోవడం కూడా అంత బాధ్యతే. మరోవైపు, పన్నెండుగురి జట్టులో సంచి మోసిన యూదా అందులోనిది కాజేస్తుండేవాడని యోహాను సువార్త 12వ అధ్యాయం చెబుతుంది. ప్రభువు ఎన్నుకున్న జట్టులోనే అట్లా జరిగిందంటే, మన సంఘాలలో జరగదని ఎవరు హామీ ఇవ్వగలరు?

1983 నాటి శ్రీసభ చట్టం ప్రతి విచారణలో ఆర్థిక మండలి ఉండాలని ఆదేశిస్తుంది. మేత్రాణులవారు యుక్తమని తలచినచోట విచారణ సలహా మండలి కూడా ఉండాలి. స్వర్గీయ ఫ్రాన్సిసు పోపుగారు 2021లో ప్రారంభించి 2024లో ముగించిన సినడు కూడా పారదర్శకతను, జవాబుదారీతనాన్ని గట్టిగా కోరింది. కనుక పండుగ చందా ఎంత వచ్చింది, పందిరికి ఎంత పోయింది, మిగిలినది ఎక్కడ ఉన్నది అన్నది దేవాలయ ద్వారం దగ్గర కాగితం మీద వ్రాసి అంటించడం గురువులకైనా, పెద్దలకైనా చిన్నతనం కాదు. అది చదవకుండా చెప్పులేసుకొని వెళ్ళిపోవడం మాత్రం సభ్యులకు చిన్నతనమే.

7. ఈ నెలలో చేయవలసినది

ఈ పాఠం చదివిన కుటుంబాలు పెద్ద ప్రతిజ్ఞలు చేయనక్కరలేదు. మీరు నాయకులైతే రాబోయే మీటింగులో, ఎవరూ అడగకముందే, పైన చెప్పిన ఐదు అంకెలు చదవండి. మాట్లాడని ఒక సభ్యురాలిని పేరు పెట్టి పిలిచి ఆమె అభిప్రాయం అడగండి. మీ పనిలో ఒకదాన్ని మరొకరికి నేర్పడం మొదలుపెట్టండి. మీరు సభ్యులైతే, సమయానికి వెళ్ళండి. చదివించుకోకుండా సంతకం పెట్టకండి. ఒక ప్రశ్న, ఒక మెచ్చుకోలు, రెండూ మీటింగులోనే చెప్పి రండి.

కడరాత్రి భోజనంలో ప్రభువు శిష్యుల పాదాలు కడిగారు. నాయకుడు వంగాలన్నది ఆ దృశ్యంలో మనకు వెంటనే కనబడుతుంది. పేతురుగారు మొదట వద్దన్నారు, తరువాత కాళ్ళు చాపి కడగనిచ్చారు. సేవ చేయించుకునేవారు కూడా తమ వంతు చేస్తేనే ఆ పని పూర్తయింది. నాయకుడు నీళ్ళు, తువాలు పట్టుకొని వచ్చినప్పుడు, సభ్యులు మొహమాటపడకుండా తమ కాళ్ళ మట్టిని చూపించాలి. మట్టి దాచిన కాళ్ళను ఎవరూ కడగలేరు.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించడానికి ప్రశ్నలు

1. మన ఇంటివారు ఏయే సంఘాలలో ఉన్నారు? వాటిలో చివరిసారి లెక్క చదివి వినిపించినది ఎప్పుడు?

2. మనం ఎప్పుడైనా చదవకుండా సంతకం పెట్టామా? అది దేనికోసం? ఇప్పుడు తెలుసుకోవడానికి ఎవరిని అడగాలి?

3. మన సంఘంలో ఎన్నడూ నోరు విప్పని వారెవరు? భాష వల్లనా, భయం వల్లనా, సమయం వల్లనా?

4. మన ఇంట్లో తల్లిదండ్రులు ఖర్చు లెక్క పెద్ద పిల్లలకు చెబుతున్నారా? పిల్లలు తమకిచ్చిన డబ్బుకు లెక్క చెబుతున్నారా? సంఘంలో కావలసిన అలవాటు ఇంట్లోనే మొదలవుతుంది గదా.